కొత్త సాఫ్ట్‌వేర్ జాడ తీసే పని: ఆర్చీ నుంచి ట్రెండింగ్ దాకా

ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు మొదటినుంచీ ఒక చిక్కు ఉంది: రాసింది అవసరమున్నవాళ్ల కంటబడాలి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఆ తర్వాత ఈమాక్స్ ప్రోగ్రామును టేపు మీద ఎక్కించి 150 డాలర్లకు పోస్టులో పంపేవాడు. నెట్‌వర్కు ఉన్న విశ్వవిద్యాలయాలు ఇలాంటి ప్రోగ్రాములను తమ సర్వర్లలో అందరికీ పెట్టేవి. ఏ ఫైలు ఏ సర్వర్లో ఉందో తెలిసినవాళ్లు చెబితేనే తెలిసేది.

ఈ వెతుకులాట 1990లో యంత్రం చేతికి వచ్చింది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎమ్టేజ్ తయారుచేసిన ఆర్చీ, సర్వర్లన్నీ చుట్టివచ్చి ఫైళ్ల పేర్లు పట్టికకు ఎక్కించేది. పేరు చెబితే చోటు చెప్పేది. పేరే తెలియనివాడికి, రెండింటిలో ఏది మేలో తేల్చుకోవాల్సినవాడికి మాత్రం అది పెద్దగా అక్కరకు రాలేదు.

ఆ లోటు తీర్చింది మనుషులే. 1997లో మొదలైన ఫ్రెష్‌మీట్, ఏ రోజు ఏ ప్రోగ్రాము కొత్తగా విడుదలైందో ఆ రోజే జాబితా వేసేది. వచ్చిన ప్రతి వివరాన్నీ సంపాదకులు చూశాకే అందులో చేర్చేవారు. 1999 నవంబరులో వచ్చిన సోర్స్‌ఫోర్జ్ లెక్కల దారి పట్టి, డౌన్‌లోడ్లు, పని జోరు చూసి వరుస కట్టింది. లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్‌ది ఇంకో పద్ధతి. ఒప్పుకున్నవాళ్ల కంప్యూటర్లు వారానికోసారి తమలో ఏయే ప్యాకేజీలున్నాయో తెలియజేస్తాయి. మెచ్చుకున్నవాళ్లను కాక, వాడుతున్నవాళ్లను లెక్కబెట్టే పద్ధతి కనుక దీని విలువ ఎక్కువ.

2008లో గిట్‌హబ్ వచ్చాక కోడ్ రాయడం, పంచడం, మెచ్చడం ఒకేచోట జరగసాగాయి. 2012 ఆగస్టులో అక్కడి నక్షత్రం గుర్తుకు, ప్రాజెక్టు నచ్చిందని చెప్పే ఇప్పటి అర్థం వచ్చింది. అదే ఏడాది ఇల్యా గ్రిగోరిక్ మొదలుపెట్టిన గిట్‌హబ్ ఆర్కైవ్, అక్కడ బహిరంగంగా జరిగే ప్రతి కదలికనూ గంటగంటకూ భద్రపరచసాగింది. దాంతో ఎవరైనా సొంత జాబితా వేసుకోగలిగారు. గిట్‌హబ్ వాళ్ల ట్రెండింగ్ పుటలో ఒక్కో ప్రాజెక్టు పక్కన ఈ రోజు, ఈ వారం, ఈ నెల ఎన్ని నక్షత్రాలు పడ్డాయో కనిపిస్తుంది. అంటే అక్కడ ముందుకొచ్చేది కొత్తగా ఊపందుకున్నది. ఏళ్లుగా నిలకడగా పనిచేస్తున్నది వెనకే ఉంటుంది. మనుషులు నడిపిన ఫ్రెష్‌మీట్ 2011లో ఫ్రీకోడ్‌గా పేరు మార్చుకుని, 2014 జూన్‌లో కొత్త వివరాలు చేర్చడం మానేసింది.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవాడు కుప్పలోంచి గుప్పెడు తీస్తాడు. గింజ నుంచి దూది విడదీసి, వేళ్ల మధ్య లాగి పింజ పొడవు చూస్తాడు. చెమ్మ ఉందేమోనని అరచేతిలో నొక్కుతాడు. ఎన్ని బండ్లు దిగాయన్నది అతనికి వేరే లెక్క. ట్రెండింగ్ జాబితా చెప్పేది ఆ బండ్ల లెక్కే. ఆ లెక్కలోనూ కల్తీ చేరింది: నక్షత్రాలను డబ్బుకు అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. అలాంటివిగా అనుమానించదగ్గ నక్షత్రాలు 45 లక్షలున్నాయని 2024లో ఒక పరిశోధన లెక్కగట్టింది.

తెలుగు ఓపెన్‌సోర్స్‌ది నిదానంగా సాగే పని. రెడ్‌హ్యాట్ వెలువరించిన లోహిత్ తెలుగు, తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు వాడుకలోకి వచ్చింది నక్షత్రాల వల్ల కాదు. లినక్స్ పంపిణీలు కూర్చేవాళ్లు వాటిని ప్యాకేజీల్లో చేర్చారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను కళాశాలల్లో విద్యార్థులకు పరిచయం చేసింది. సిలికానాంధ్ర తెచ్చిన స్వేచ్ఛా ఫాంట్లలో ఒకటి సూరన్న. కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన పింగళి సూరన పేరే దానికి పెట్టారు. ఇప్పుడది గూగుల్ ఫాంట్స్‌లో ఉంది. అక్కడ లిపుల వరుసలో తెలుగును ఎంచుకుంటే చాలు, కోడుమూరులో పెళ్లిపత్రిక కూర్చే డీటీపీ మనిషికైనా దొరుకుతుంది.