పదిరెట్ల పరంపర: ఈథర్నెట్ వేగాల కథ

ఇంటి మూలన రెండు మూడు పాత సర్వర్లు, ఒక స్విచ్చి, నాలుగు డిస్కులు చేర్చి సొంత ప్రయోగశాల నిర్మించుకొనే వారిని మొదట వేధించే సందేహం ఒక్కటే. తీగలలో వేగం ఎంత ఉండాలి? ఒక గిగాబిట్టా, రెండున్నరా, పదా? ఈ అంకెలు ఆకాశం నుండి ఊడిపడినవి కావు. ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క నిర్బంధం ఉన్నది. ఆ చరిత్ర తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది.

కథ 1973లో కాలిఫోర్నియాలోని జెరాక్స్ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో మొదలైంది. హవాయి విశ్వవిద్యాలయం వారి అలోహా రేడియో వ్యవస్థ నుండి స్ఫూర్తి పొంది, రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ ఆల్టో కంప్యూటర్లను ఒకే తీగకు తగిలించే పద్ధతి రూపొందించారు. కాంతి ప్రసారానికి ఆధారమని పూర్వపు శాస్త్రజ్ఞులు ఊహించిన ఈథర్ పేరే దానికి పెట్టారు. దాని వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. ఈ విచిత్రమైన సంఖ్యకు మూలం ఏ మహా సిద్ధాంతమూ కాదు. ఆల్టో గడియారం 170 నానోసెకండ్లకొకసారి కొట్టుకొనేది. రెండేసి స్పందనలకు ఒక బిట్టు చొప్పున పంపితే వచ్చే లెక్క అది. చేతిలో ఉన్న యంత్రమే వేగాన్ని నిర్ణయించింది.

1980లో డిజిటల్, ఇంటెల్, జెరాక్స్ సంస్థలు కలిసి 10 మెగాబిట్ల ప్రమాణాన్ని ప్రకటించాయి. ఐబీఎం వారి టోకెన్ రింగ్ 4, ఆపై 16 మెగాబిట్లతో పోటీకి నిలిచింది. వంతులవారీగా మాట్లాడే దాని క్రమశిక్షణ మెచ్చదగినదే. అయినా 1990లో మెలిదిప్పిన జంట తీగల మీదికి ఈథర్నెట్ వచ్చాక, ఆ చౌకదనం ముందు అది నిలువలేకపోయింది.

1995లో వేగం 100 మెగాబిట్లకు పెరిగినప్పుడు ఒక చిక్కు ముదిరింది. ఒకే తీగను అందరూ పంచుకొనేచోట ఇద్దరు ఒకేసారి పలికితే సందేశాలు ఢీకొంటాయి. ఆ సంగతి 512 బిట్లు పంపేలోగా పంపేవారికి తెలియాలి. వేగం పదిరెట్లయితే ఆ వ్యవధి పదోవంతవుతుంది. దూరమూ దానితోపాటే కుంచించుకుపోతుంది. 2500 మీటర్ల వ్యాప్తి ఇంచుమించు 200 మీటర్లకు దిగింది. ఈ సంకెలను తెంచినది స్విచ్చి. ప్రతి యంత్రానికీ సొంత దారి, రాకకూ పోకకూ వేర్వేరు తోవలు ఏర్పడగానే ఢీకొనే ప్రసక్తే పోయింది. 1998లో గాజునారల మీద, 1999లో రాగి తీగ మీద గిగాబిట్ ప్రమాణాలు వచ్చాయి. పది గిగాబిట్లు 2002లో గాజునారకు, 2006లో రాగికి అందాయి.

కాని పదిరెట్ల పరంపర ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. రాగి మీద పది గిగాబిట్లను 100 మీటర్లు నడపాలంటే కేటగిరీ 6ఏ తీగ కావాలి. గోడలలో ఉన్నవేమో 5ఇ తీగలు. ఇంతలో వైఫై గిగాబిట్‌ను దాటసాగింది. అందుకే 2016లో పది గిగాబిట్ల సంకేత పద్ధతినే పావువంతుకు, సగానికి తగ్గించి 2.5, 5 గిగాబిట్ల వేగాలను ప్రమాణీకరించారు. గోడను పగలగొట్టలేక వేగమే తగ్గి వచ్చింది.

ఇక ఎంపిక మాట. కాలువ ఎంత వెడల్పైనా పొలానికి చేరే నీరు తూము కొలతకే. గిగాబిట్ తీగలో సెకనుకు 125 మెగాబైట్లకు మించి పారవు; నేటి పెద్ద హార్డ్ డిస్కు ఒక్కటే వరుసగా చదివేటప్పుడు దానిని దాటుతుంది. అటువంటి ఒక డిస్కుకు 2.5 గిగాబిట్లు సరిపోతాయి. సుమారు 550 మెగాబైట్లు ఇచ్చే సాటా ఎస్సెస్డీకి 5 కావాలి. పలు డిస్కుల వరుస, ఎన్వీఎంఈ నిల్వ ఉన్నవారికే 10 సార్థకం. అదీ నిల్వకూ సర్వర్లకూ మధ్యనే. ఇల్లంతా అవసరం లేదు.

కొనబోయే ముందు గోడలోని తీగను పరీక్షించాలి. రాగి మీద గిగాబిట్‌కు నాలుగు జంటలూ పనిచేయాలి. రెండే కలిసి ఉంటే ఎంత ఖరీదైన స్విచ్చి పెట్టినా 100 మెగాబిట్లే దక్కుతాయి. ఆల్టో కాలం నుండి నేటి దాకా వేగాన్ని నిర్ణయించినది ఆశ కాదు, అందుబాటులో ఉన్న వస్తువే. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలన్నది తీగలకూ వర్తించే మాటే.