నిజాముగారి మోటారు యంత్రము

చౌమహల్లా భవనమును దర్శించినవా రచ్చటి పసుపువన్నె రోల్స్‌రాయిస్ కారును చూచియే యుందురు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను దానిని తెప్పింప నెంచెను. కాని అది వచ్చులోపల, 1911 ఆగస్టులోనే, ఆయన దివంగతుడయ్యెను. లండనులోని బార్కరు కంపెనీ దానికి పైకట్టడమును సమకూర్చెను.

ఆ తరగతి కారునకు సిల్వర్ ఘోస్ట్ అని ప్రసిద్ధి. యంత్రమున సిలిండర్లు ఆరు. 1910 నుండి వాని మొత్తము పరిమాణము 7,428 ఘన సెంటీమీటర్లు.

ఆ దినములలో ఆరు సిలిండర్ల యంత్రముల నొక వ్యాధి పీడించుచుండెను. వాని క్రాంకుషాఫ్టు మిక్కిలి పొడవు. ప్రతి పేలుడునకును కొంచెము మెలితిరిగి, కంపించి, ఒక్కొక్కప్పుడు విరిగిపోవుచుండెను. హెన్రీ రాయిస్ దానిని లావు చేయించి, ఏడు బేరింగులపై నిలిపి, వానికి ఒత్తిడితో నూనె నందించెను. 1907లో అట్టి కారొకటి రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి పరిశీలనలో, దోషముచే ఎచ్చటను ఆగక 14,371 మైళ్లు పరుగిడెను.

ఇంతటి యంత్రము హైదరాబాదునందు దశాబ్దముల కాలములో కొన్ని వందల మైళ్లు మాత్రమే నడచెను! నడువని యంత్రమునకు వేరొక వ్యాధి కలదు: సిలిండరు గోడలనుండి నూనె జారిపోవును, తేమ చేరును, తుప్పు పట్టును. పరుగున విరిగెడు దోషమును రాయిస్ మాన్పెను. ఊరక నిలుచుటచే కలుగు దోషమునకు మాత్రము నడపుటయే మందు.