హాల్ హోల్‌బ్రుక్: ఒక్క పాత్రతో అరవై మూడేళ్లు

అమెరికాలో 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో పేరున్న రచయితలు ఊరూరా తిరిగి టిక్కెట్టు మీద ఉపన్యాసాలిచ్చే వాడుక బలంగా ఉండేది. తన ప్రచురణ సంస్థ దివాలా తీయడంతో అప్పుల పాలైన మార్క్ ట్వెయిన్ 1895–96లో దేశదేశాలు తిరిగి ఆ భారం దించుకోవడానికి పూనుకున్నది ఇటువంటి ఉపన్యాసాలతోనే. కాలక్రమంలో వెనకబడిన ఆ వేదికను నటుడు హాల్ హోల్‌బ్రుక్ (1925–2021) ఏకపాత్రాభినయంగా, అంటే ఒక్క నటుడే ఆద్యంతం నడిపే ప్రదర్శనగా, మళ్లీ నిలబెట్టాడు.

క్లీవ్‌లాండ్‌లో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులకు దూరమై తాతగారింట పెరిగిన హోల్‌బ్రుక్, ఒహాయోలోని డెనిసన్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో ట్వెయిన్ పాత్రను మొదట చేపట్టి, భార్య రూబీతో కలసి పాఠశాలల్లో చిన్న చిన్న ఘట్టాలు ఆడుతూ దానికి సానపట్టాడు. 1954లో పెన్సిల్వేనియాలోని లాక్‌హేవెన్ ఉపాధ్యాయ కళాశాలలో ఒంటరిగా వేదికెక్కేనాటికి అతనికి 29 ఏళ్లు. ధరించింది 70 ఏళ్ల ట్వెయిన్‌ను. రంగు పూసి, ముడతలు గీసి, తెల్ల విగ్గు, మీసం, గుబురు కనుబొమలు అమర్చుకోవడానికి మూడు గంటలకు పైగా పట్టేది. ప్రదర్శన అంతకంటే తక్కువ సేపట్లోనే ముగిసేది. ట్వెయిన్ గొంతు రికార్డు ఏదీ దక్కలేదు కనుక, సాగదీసి పలికే ఆ మాటతీరును సమకాలికుల జ్ఞాపకాల నుంచి కూర్చుకోవలసి వచ్చింది.

అయినా అతని అసలు ఘనత వేషంలో కన్నా ఎంపికలో ఉంది. ఒకే పాఠానికి కట్టుబడకుండా, గంటల కొద్దీ సాగే రచనాభాగాలు కంఠస్థం చేసి, ఏ కాలానికి ఏది చెప్పాలో తానే నిర్ణయించుకొనేవాడు. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం సాగుతున్న సంవత్సరాల్లో, పారిపోయిన బానిస జిమ్‌ను పట్టివ్వాలా వద్దా అని ట్వెయిన్ నవలలోని బాలుడు హక్ ఫిన్ మథనపడే ఘట్టాన్ని, నవ్వుకోవడానికి వచ్చిన ప్రేక్షకుల ముందు పెట్టాడు. కాలానికి తగ్గట్టు కొత్త మాటలేవీ చేర్చకుండానే పాత రచనను నాటి వార్తలకు జవాబుగా వినిపించడం సామాన్యమైన సాధన కాదు.

1966లో ట్వెయిన్ పాత్రకు అమెరికా రంగస్థలపు అత్యున్నత పురస్కారమైన టోనీ లభించింది. సినిమాల్లో అతను ఎక్కువగా సహాయ పాత్రలే వేసినా, ‘ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్’ (1976)లో కార్ల పార్కింగ్ చీకట్లో నిలబడి వాటర్‌గేట్ కుంభకోణం గుట్టు విప్పే ‘డీప్ త్రోట్’ పాత్రలో, ముఖం చాలావరకు నీడలోనే ఉండగా గొంతుతో పుట్టించిన బెదురు వేదిక నేర్పినదే. ‘ఇన్‌టు ద వైల్డ్’ (2007)కు ఆస్కార్ నామినేషన్ వచ్చేనాటికి అతనికి 82 ఏళ్లు.

రెండు వేలకు పైగా ప్రదర్శనల తరువాత, 2017లో, 92వ ఏట ట్వెయిన్ పాత్రకు వేసుకునే తెల్ల సూటు విడిచాడు. 1967లో సిబిఎస్ టెలివిజన్ ప్రసారం చేసిన ప్రదర్శనలో అతని ట్వెయిన్‌ను నేటికీ చూడవచ్చు, కానీ ఆ తరువాతి యాభై ఏళ్లలో అతను మార్చి మార్చి ఎంచుకున్న భాగాలకు అందులో చోటు లేదు.