గద్దెకు నాలుగు దారులు

చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి రండి. తాడ్వాయి అడవి అంచున నాలుగో తరగతి గది. పిల్లలంతా గచ్చు మీద గుండ్రంగా మూగారు. నడుమ సుద్దతో గీసిన 25 గడులు. అష్టాచెమ్మా అని చూడగానే పోల్చుకుంటారు. కొంచెం వంగి చూడండి. నాలుగు ఇళ్ల పక్కన పేర్లున్నాయి: కన్నెపల్లి, చిలుకలగుట్ట, పూనుగొండ్ల, కొండాయి. నట్టనడుమ మేడారం గద్దె.

రెండేళ్లకోసారి మాఘ పున్నమి జాతరకు సారలమ్మ, సమ్మక్క, పగిడిద్దరాజు, గోవిందరాజు ఎక్కడెక్కడి నుంచి గద్దెకు వస్తారో, ఇక్కడ పావులు అక్కడి నుంచే కదులుతాయి. సమ్మక్క పావు కుంకుమ అద్దిన వెదురుముక్క.

రెండు జడల పాప చింతగింజలు గుప్పిట్లో గలగలలాడించి విసిరింది. ఒకవైపు అరగదీసిన గింజలు. మూడు తెల్లగా, ఒకటి నల్లగా పడ్డాయి. వెదురుముక్క మూడు గడులు నడిచి సారలమ్మ పావు ఉన్న గడిలోకే వచ్చింది. ఇక సంపుడే. పాప చెయ్యి గాల్లోనే ఆగింది.

"సారూ, సమ్మక్క తన బిడ్డనే సంపుతదా?"

గది నిశ్శబ్దం. "మీరే చెప్పుండ్రి బిడ్డా" అన్నాడు సారు. గుసగుసలు, వాదులాట. చివరికి వెనక నుంచి ఒక పిల్లవాడు తేల్చేశాడు: "కలిస్తె ఎదురుకోలు సారూ. ఇద్దరూ ఒక్క గడిల్నే ఉండాలె." ఈ రెండు నిమిషాలే అసలు పాఠమని నాకనిపిస్తుంది. తల్లీబిడ్డల వరస వాళ్లకు ఇక మరపురాదు.

లోపలి వరసకు ముందు నీలం సుద్దగీత, జంపన్న వాగు. దాటాలంటే ఇంట్లో పెద్దల్ని అడిగి తెచ్చిన ముచ్చట ఒకటి చెప్పాలి. "దీని పేరు ఇదివరకు సంపెంగ వాగట. కాకతీయుల సైన్యంతోని కొట్లాడి సమ్మక్క కొడుకు జంపన్న దీంట్లనే పడ్డడట. మా తాత చెప్పిండు" అంటూ ఒకడు పావు జరిపాడు.

జాతరలో ముగ్గురు బుధవారమే గద్దెకు చేరుతారు, సమ్మక్క గురువారం వస్తుంది. అందుకే మూడు పావులూ చేరేదాకా వెదురుముక్క గద్దె ఎక్కదు. అది ఎక్కాకే ఆట పండినట్టు. ముందు చేరినవాళ్లు గెలిచినట్టు కాదు.

టీచర్లూ, మీ బడి పక్కన ఏ జాతర జరిగినా దాని దారులు నేల మీద గీసి చూడండి. గీసే ముందు ఆ ఊరి పెద్దల్ని, పూజారుల్ని కూర్చోబెట్టుకుని కథ వినండి.