గ్రాహం లెనార్డ్

గ్రాహం డగ్లస్ లెనార్డ్ (1921 మే 8 – 2010 జనవరి 6) ఇంగ్లండు ఆంగ్లికన్ సంఘంలో సంప్రదాయ పక్షానికి పెద్దదిక్కుగా నిలిచిన బిషప్. 1981 నుంచి 1991 వరకు లండన్ పీఠాధిపతి.

తండ్రి ఆంగ్లికన్ గురువు. ఆక్స్‌ఫర్డ్‌లో వృక్షశాస్త్రం చదివిన లెనార్డ్, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశారు. 1947లో డీకన్, మరుసటేడు గురువు అయ్యారు. 1964లో విల్స్‌డెన్‌కు, 1973లో ట్రూరోకు బిషప్‌గా వెళ్లారు.

ఆయన తొలి పెద్ద పోరు మెథడిస్టులతో విలీన పథకం మీద. బిషప్ చేతుల మీదుగా గురుపట్టాభిషేకం పొందని మెథడిస్టు బోధకులను ఆ పథకం ఒక ప్రత్యేక ఆరాధన ద్వారా కలుపుకోవాలనుకుంది. అది పట్టాభిషేకమా, కాదా అన్నది మాత్రం తేల్చలేదు. ఆ దాటవేతనే ఆయన తప్పుపట్టారు. ఐక్యత వద్దనలేదు. 1970లో మరో ముగ్గురితో కలిసి ‘గ్రోయింగ్ ఇన్‌టు యూనియన్’ అనే పుస్తకంలో వేరే దారి చూపారు. 1972లో అవసరమైన 75 శాతం మద్దతు రాక పథకం వీగిపోయింది. ఇలాంటి వివాదం తెలుగువారికి కొత్త కాదు: 1947లో ఇలాంటి విలీనంతోనే దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతంలో ఎందరో ఆంగ్లికన్లు అందులో చేరలేదు.

స్త్రీలకు గురుపట్టాభిషేకం విషయంలో ఆయన వాదన మరింత గట్టిది. రోమన్ కాథలిక్, ఆర్థడాక్సు సంఘాలతో ఉమ్మడిగా వచ్చిన గురుత్వాన్ని ఒక్క దేశపు సినడ్ (సంఘ పాలక సభ) ఓట్లతో మార్చే అధికారం లేదన్నది దాని సారం. 1986లో అమెరికాలోని ఓక్లహోమాలో, స్థానిక బిషప్‌తో తెగతెంపులైన ఒక సంఘానికి అండగా వెళ్లి సభ్యులకు దృఢీకరణ (కన్ఫర్మేషన్) ఇచ్చారు. తోటి బిషప్‌లు తీవ్రంగా ఆక్షేపించారు. మరో బిషప్ మేత్రాసనంలో (పాలన పరిధిలో) అనుమతి లేకుండా అడుగుపెట్టడం ఆయన కాపాడదలచిన సంప్రదాయానికే విరుద్ధం. ఆయన జీవితంలో సమర్థించడం కష్టమైన ఘట్టం ఇదే.

1992 నవంబరులో సినడ్ స్త్రీల గురుత్వాన్ని ఆమోదించింది. 1994లో లెనార్డ్ రోమన్ కాథలిక్ సంఘంలో చేరారు. ఆంగ్లికన్ పట్టాలు చెల్లవని 1896లోనే పోప్ పదమూడవ లియో ప్రకటించినా, లెనార్డ్ అభిషేక పరంపరలో ఓల్డ్ కాథలిక్ బిషప్‌ల (వారి అభిషేకాలను రోమ్ గుర్తిస్తుంది) పాత్ర ఉన్నందున, మునుపటిది చెల్లకపోతేనే అనే ‘షరతుతో కూడిన’ అభిషేకం ఆయనకు చేశారు. ఇది చాలా అరుదు. వివాహితుడైనా గురుత్వానికి అనుమతి లభించింది. 2000లో పోప్ ఆయనకు మాన్సిన్యోర్ గౌరవం ఇచ్చారు.

ఆయన అధిష్ఠించిన లండన్ పీఠానికి 2018లో సారా ములల్లీ తొలి మహిళా బిషప్ అయ్యారు.