దోమల లెక్క

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపుగోడలో మలేరియా క్రిమిని కనుగొనెను. లండను నుండి పాట్రిక్ మాన్సన్ వ్రాసిన లేఖలే ఆయనకు దారి చూపినవి. ఈ కథ మనము బడిలోనే చదివితిమి. అంతకంటె గొప్పదని మాకు తోచునది, ఆయన తరువాత వేసిన లెక్క.

లాహోరు చెంత మియాన్ మీర్ దండులో దోమలను తగ్గింపజూచినను జ్వరము తగ్గలేదనియు, ఈ యత్నమే వృథాయనియు కొందరు వైద్యాధికారులు వాదించిరి. 1911లో వెలువడిన గ్రంథమున రాస్ గణితముతో బదులు చెప్పెను. రోగులెందరు, దోమలెన్ని, అవి ఎన్నాళ్లు బ్రతుకును, ఎంత తరచుగా కుట్టును? ఇవన్నియు ఒకదానితో నొకటి ముడిపడినవే. దోమలన్నిటిని చంపనక్కరలేదు, ఒక మితికి దిగువకు తగ్గించి, అట్లే నిలిపినచో, ఒక రోగి నుండి మరియొక రోగియైనను పుట్టక జ్వరము తనంత అంతరించును.

ఆ నిలుపుటయే కష్టము. మన దేశమున 1958లో నిర్మూలన కార్యక్రమ మారంభమై, 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగెను. ఇంతలో దోమలు డి.డి.టి.ని తట్టుకొన నేర్చినవి. పట్టణములలోని బావులు, నీటితొట్లు వాటికి పుట్టినిండ్లుగనే యుండెను. 1976లో రోగులు 64 లక్షలు! మరుసటి యేడు ప్రభుత్వము అదుపే లక్ష్యముగ క్రొత్త ప్రణాళిక చేపట్టెను.