తొలి విల్లు : ధనుర్వేదవిధియు విశాఖమన్యపు వెదురును

అల్లూరి సీతారామరాజు పేరు చెప్పఁగనే తెలుఁగువారికి మొదటఁ దోఁచునది విల్లు. చిత్రకారులును శిల్పులును ఆయనచేత దానినే నిలిపిరి. అయినను 1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీని నాఁటి విశాఖపట్టణమండలములోని చింతపల్లి పోలీసుఠాణాపైఁ బడిన మన్యవీరులు కొనిపోయినవి తుపాకులు. మఱునాఁడు కృష్ణదేవిపేటలోను, 24వ తేదీని రాజవొమ్మంగిలోను నదియే జరిగెను. విల్లు వారు దోఁచి తెచ్చుకొనవలసినది గాదు. వేఁట జీవనములో నొకభాగమైన కొండవారికి అది చిన్ననాఁటనే చేతికి మరిగిన సాధనము. ఇట్లు చేతికి మరగుటకై మొదట నెట్టి వింటిని బట్టవలెను? సంస్కృత ధనుర్వేదగ్రంథములు దీనికి సమాధానము చెప్పినవి. కాని పైపైఁ జదువువారికి ఆ సమాధానము తలక్రిందుగాఁ దోఁచుట కవకాశము గలదు.

అగ్నిపురాణములోని ధనుర్వేదాధ్యాయములందు పదాతికి నాలుగు మూరల విల్లు శ్రేష్ఠమనియు, మూఁడున్నర మూరలది మధ్యమమనియు, మూఁడు మూరలది కనిష్ఠమనియుఁ జెప్పఁబడినది. మూరకు 24 అంగుళముల చొప్పున శ్రేష్ఠధనుస్సు 96 అంగుళముల పొడవు గలది. ఈ యంగుళము వ్రేలివెడల్పు గాని నేఁటి కొలబద్దపై నుండు నంగుళము గాదు. దీనినిబట్టి, ఆఱితేఱిన విలుకానికిఁ బెద్దవిల్లు, నేర్చుకొనువానికిఁ బొట్టివిల్లు అని యర్థము చెప్పుట సులభము. ఆ యర్థము నిలువదు. అచట శ్రేష్ఠత్వము వింటికిఁ జెప్పఁబడినదే గాని విలుకానికి గాదు.

అభ్యాసకుని విషయము వాసిష్ఠధనుర్వేదసంహితలో వేఱుగాఁ గలదు. మొదటిది యౌగికచాపము, అనఁగా నభ్యాసమునకైనది, రెండవది యుద్ధచాపము. విల్లు తన బాహుబలముకంటెఁ గొంచెము తక్కువది కావలెనని విధించి, విల్లే బలవత్తరమైనచో దానిచేఁ బీడితుఁడగువానికి గుఱి కానరాదని యా గ్రంథము కారణమును గూడఁ దెలుపుచున్నది. ఈ కారణమే విధికిఁ బ్రాణము. నారిని లాగుటకే బలమంతయు వ్యయమగునపుడు భుజము వడఁకును, పిడికిలి చలించును, చూపు గుఱిని విడిచి తన ప్రయాసమువైపే మరలును. నేఁడు లాగుబరువును పౌనులలోఁ గొలిచి, ఎదిగినవానికైనను మొదట 20 మొదలు 25 పౌనుల వింటినే యిచ్చు గురువులు చేయుచున్నదియు నిదియే.

కాఁబట్టి పొడవు వేఱు, బిగువు వేఱు. నాలుగు మూరల విల్లు మెత్తనిది కావచ్చును. మూఁడు మూరలది మిక్కిలి బిఱుసుది కావచ్చును. అంతేకాక, ఒకే దూరము లాగినపుడు పొడవైన విల్లు తక్కువగా వంగును, నారి వ్రేళ్లను నొక్కదు. పొట్టివిల్లో, లాగు ముగియుచోట నొక్కుమ్మడి బిగిసికొనును. బాలున కెత్తునకుఁ దగినంత పొట్టివిల్లు వలయుననుట నిజమే. ఎదిగినవాఁడు మాత్రము తాను క్రొత్తవాఁడను గదాయని పొట్టివింటిని గోరుట పొరపాటు.

భారతకథయు నీ విధికి విరుద్ధముగా లేదు. అర్జునుఁడు ద్రోణునియొద్ద నేర్చినది గాండీవముతోఁ గాదు. అది ఖాండవదహనసమయమున, విద్య పూర్తియైన పెక్కేండ్లకు, అగ్నిప్రార్థనమున వరుణునివలన వచ్చినది. ద్రౌపదీస్వయంవరమున రాజులనేకులు వింటిని మోపెట్టలేకయే భంగపడిరి. వారికి గుఱి చూచు నవసరమే కలుగలేదు.

ఇఁక నెట్టి వెదురు? మూఁడు, ఐదు, ఏడు, తొమ్మిది పర్వములు గలది మేలనియు, నాలుగు, ఆఱు, ఎనిమిది గలది వర్జ్యమనియు సంహిత చెప్పును. ఇది కేవలము శకునమని త్రోసివేయరాదు. పర్వమనఁగా గణుపని యమరము. గణుపులు బేసియైనచో నడిమి గణుపు లస్తకమున, అనఁగాఁ బిడికిలి పట్టుచోట, పడును. అది వంగఁగూడని చోటు, గణుపో వంగనిది. లేఁతదియు మిక్కిలి ముదిరినదియు కాలినదియు తొలిచినదియుఁ గూడదనుటకు వ్యాఖ్య యక్కఱలేదు. జ్ఞాతిఘృష్టము, అనఁగాఁ దోడివెదుళ్లతో నొరసికొన్నది, జ్ఞాతికలహమును దెచ్చుననుట మాత్రము నవ్వు పుట్టించును. కాని వింటి వెలుపలివైపు సాగుడు నంతయు నోర్చునది వెదురు పైచర్మమే. ఒరసికొని యది యరిగినచోటనే విల్లు పగులును. నిషేధము సరియైనదే; చెప్పిన ఫలమే కవిత్వము.

కొమ్ముతోఁ జేయు శార్ఙ్గమును గూడ నీ గ్రంథము లెఱుఁగును. తెలుఁగులోని సింగిణి యను పదము దానినే స్మరింపఁజేయుచున్నది. కాని కొమ్మును, స్నాయువును, సరేసును గూర్చి చేయు విల్లు వానతేమ కోర్వదు, దానిని జేయుటయుఁ గష్టము. తూర్పుకనుమలలోని వానలకు వెదురే తగినది.

నారి మాటయు నట్టిదే. కౌటిలీయము నారికై మూర్వ, జిల్లేడు, జనుము మొదలగువానితోఁ బాటు వేణువును జెప్పినది. వంగుటకైన వెదురు త్రాడగుట యెట్లని మైదానపు పాఠకుఁడు శంకించును. తూర్పుకనుమల కొండజాతుల వేఁటవిండ్లకుఁ దఱచుగాఁ గట్టఁబడునది సన్నగాఁ జీల్చిన వెదురుబద్దయే. అది తడిసినను సాగి వదులు గాదు. తెగినచో మఱియొకదానిని జీల్చుకొనుటకుఁ గత్తియు, దాపున నున్న వెదురుపొదయుఁ జాలును.